ఎరుపు లేని వెలుగు

1839లో, ఆకులు రాలే కాలంలో, ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కొర్నీలియస్ అనే ముప్పై ఏళ్ళ మనిషి తన దుకాణం వెనక పెరట్లో కెమెరా పెట్టుకుని, దాని ముందుకొచ్చి కదలకుండా ఉండి, తన ఫోటో తనే తీసుకున్నాడు. ఫోటోల్లో మనకి మిగిలిన తొలి మనిషి ముఖాల్లో అదొకటి. బొమ్మలో అతను సరిగ్గా మధ్యలో లేడు. జుట్టు చెదిరి ఉంది. చేతులు కట్టుకుని కొంచెం అనుమానంగా చూస్తున్నాడు. దీని గురించి రాసేవాళ్ళంతా తొలి సెల్ఫీ అని మురిసిపోతారు గానీ, నాకు నచ్చేది ఇంకో సంగతి. ఆ దుకాణం దీపాల దుకాణం. కొర్నీలియస్ కుటుంబం దీపాలూ షాండ్లియర్లూ తయారుచేసి అమ్మేది. చుట్టూ అన్ని దీపాలు పెట్టుకుని, ఫోటోకి పనికొచ్చేది ఒక్కటీ లేక, వెలుగు కోసం అతను పెరట్లోకి వెళ్ళాల్సొచ్చింది.

ఇంట్లో మనుషుల ఫోటోలు బాగా తీసుకోవాలంటే మొదట ఏ లైటు కొనాలని అడిగేవాళ్ళు మా ఆఫీసులో ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా తగుల్తారు. కొత్తగా పాప పుట్టినవాళ్ళు, కెమెరా కొత్తగా కొన్నవాళ్ళు, ఊరినుంచి అమ్మానాన్నా వచ్చినవాళ్ళు. ప్రశ్న ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: నూరు వాట్లదా, రెండొందల వాట్లదా? ఒకటి చాలా, మూడిటి సెట్టు తీసుకోవాలా? మేమంతా స్పెసిఫికేషన్లు చదివి బతికేవాళ్ళం కాబట్టి సమాధానం కూడా ఒక అంకెలా ఉంటుందనుకుంటాం. వాట్లు ముఖ్యం కాదని అనను. కానీ కొర్నీలియస్ పెరట్లోంచి ఇవాళ్టి ఎల్‌ఇడి పెట్టెదాకా వచ్చిన దారి చూస్తే, ఫోటోగ్రాఫర్లు దీపాల్తో పడిన పేచీ ప్రధానంగా రెండిటి గురించి. ఒకటి, ముఖం వైపునుంచి చూస్తే ఆ దీపం ఎంత పెద్దగా కనిపిస్తుంది? రెండు, అందులో ఎరుపు ఎంత ఉంది? ఈ రెండో ప్రశ్న చామనచాయ మనుషులకి మరీ ముఖ్యం.

ఎరుపుతోనే మొదలుపెడతాను.

1841 మార్చిలో రిచర్డ్ బియర్డ్ అనే వ్యాపారి లండన్‌లో, రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్ భవనం మీద, ఫోటో స్టూడియో తెరిచాడు. యూరప్‌లో జనం డబ్బిచ్చి ఫోటో తీయించుకోగలిగిన మొట్టమొదటి స్టూడియో అదే. డాబా మీద అద్దాల కప్పు. కింద కుర్చీ. తల కదలకుండా వెనకనుంచి పట్టుకునే ఇనప కొక్కెం. ఆ కప్పుకి వేసిన అద్దాలు నీలం రంగువి. నీలి అద్దం వెలుగుని తగ్గిస్తుంది కదా, వెలుగు చాలక ఛస్తున్నవాళ్ళు దాన్నెందుకు వేశారంటే, ఆ రోజుల్లో ఫోటో ప్లేటుకి నీలమూ ఊదా మాత్రమే తెలుసు. ఎరుపూ పసుపూ ఎంత పడినా దాని లెక్కలో చీకటే. పైనుంచి పడే ఎండలో ప్లేటుకి అక్కరలేని ఎరుపు పసుపుల్ని అద్దం ఆపేస్తే, కుర్చీలో కూచున్న మనిషికి కళ్ళు చికిలించుకోవాల్సిన బాధ తగ్గుతుంది, ప్లేటుకి పెద్దగా నష్టం ఉండదు. మంచి ఇంజనీరింగే.

డార్క్‌రూములో ఎర్ర బల్బు ఎందుకు పెట్టేవాళ్ళో కూడా ఇదే చెప్తుంది. ఎరుపు వెలుగు ప్లేటుకి కనపడదు కాబట్టి. 1851లో వచ్చిన కొలోడియన్ తడి ప్లేట్లూ, ఆ తరవాత వచ్చిన పొడి ప్లేట్లూ మొదట్లో ఇంతే. మరి ఎరుపు కనపడని ప్లేటు మనిషి చర్మాన్ని ఎలా చూస్తుంది? చర్మం ఎవరిదైనా నీలాన్ని ఎక్కువగా మింగేసి ఎరుపుని ఎక్కువగా తిరిగి పంపిస్తుంది. చర్మంలో వన్నె పెరిగేకొద్దీ నీలం ఇంకా తగ్గిపోతుంది. అంటే ఆ ప్లేటు మీద తెల్లవాళ్ళే కాస్త నల్లబడతారు, వాళ్ళ బుగ్గల మీది చుక్కలు మచ్చలై కూచుంటాయి. ఇక గోధుమరంగు ముఖం ఉన్నదానికన్నా రెండు మూడు మెట్లు కిందకి దిగిపోతుంది.

ఇక్కడ మన భాషలో ఒక తమాషా ఉంది. మనం మంచి రంగున్న మనిషిని తెల్లగా ఉన్నాడనే కాదు, ఎర్రగా ఉన్నాడని కూడా అంటాం. ఎర్రగా బుర్రగా అనేది మెచ్చుకోలు. వెలుగు మన చర్మాన్ని తాకి వెనక్కి వచ్చేటప్పుడు మోసుకొచ్చేది ఎరుపేనని ఆ మాట పుట్టించినవాళ్ళకి ఎవరూ పాఠం చెప్పలేదు, కళ్ళతో చూసి పెట్టారు. ఫోటోగ్రఫీ మన దేశానికి వచ్చిన తొలి యాభై ఏళ్ళూ సరిగ్గా ఆ ఎరుపే దానికి కనపడలేదు. ఫోటోలో నల్లగా పడ్డానని మనవాళ్ళు ఇప్పటికీ అనే మాటలో కొంత చరిత్ర ఉందని నేననుకుంటాను. వాళ్ళు నిజంగానే ఉన్నదానికన్నా నల్లగా పడ్డారు. తప్పు ముఖానిది కాదు, ప్లేటుది.

1873లో జర్మనీలో హెర్మన్ ఫోగెల్ ప్లేటు మందులో కొన్ని రంగులు కలిపితే అది ఆకుపచ్చని కూడా చూడగలుగుతుందని కనిపెట్టాడు. ఆర్థోక్రోమాటిక్ ప్లేట్లు అలా వచ్చాయి. అయినా ఎరుపు మాత్రం రాలేదు. ఎరుపుతో సహా అన్నీ చూసే పాన్‌క్రోమాటిక్ ప్లేట్లు బజార్లోకి రావడానికి 1906 దాకా పట్టింది. అవి సామాన్యుడి స్టూడియోలోకి దిగడానికి ఇంకా చాలాకాలం.

ఈ మధ్యకాలంలోనే మన హైదరాబాదులో లాలా దీన్‌దయాళ్ ఉన్నాడు. మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీ థామసన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, ఇందౌర్‌లో పబ్లిక్ వర్క్స్‌లో అంచనాలూ నక్షాలూ గీస్తూ కెమెరా పట్టినవాడు. (ఉద్యోగం పక్కన ఇంకో పిచ్చి పెట్టుకున్న ఇంజనీర్లకి ఆయన్ని కులదేవతగా ప్రకటించాలి.) 1880లలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో చేరాడు. 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసమే జనానా స్టూడియో తెరిచాడు. పరదాలో ఉండే స్త్రీలు వచ్చి ఫోటో తీయించుకోవడానికి ఎత్తయిన గోడల మధ్య కట్టిన స్టూడియో అది. దాన్ని నడిపింది కూడా ఒక స్త్రీయే, కెన్నీ లెవిక్ అనే యూరోపియన్ మహిళ. నాకు అందులో నచ్చేది వెలుగు లెక్క. పగటి వెలుతురుతో ఫోటోలు తీసే రోజుల్లో స్టూడియోకి వెలుగు రావాలి, చూపులు రాకూడదు. గోడలు ఎంత ఎత్తు లేపినా ఆకాశాన్ని ఎవరూ మూయలేరు కదా.

ఆ కాలపు స్టూడియోలకి యూరప్ పుస్తకాలన్నీ చెప్పిన సూత్రం ఒకటే: ఉత్తరం వైపు అద్దాలు పెట్టండి. ఉత్తరార్ధగోళంలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి ఉత్తరపు కిటికీలోంచి ఎండ రాదు, ఆకాశం వెలుగు మాత్రమే వస్తుంది. చిత్రకారులు అంతకుముందు కొన్ని వందల ఏళ్ళుగా వాడుకున్న వెలుగే. అయితే ఇది పారిస్‌కీ లండన్‌కీ రాసిన సూత్రం. హైదరాబాదు పదిహేడు డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరపు కిటికీని నమ్ముకుంటే పొద్దున్నా సాయంత్రం కూడా ఏటవాలుగా ఎండ లోపలికొస్తుంది. ఇంట్లో కిటికీ పక్కన ఫోటోలు తీసేవాళ్ళు దిక్సూచి చూసుకోవడం మానేసి, ఆ గంటలో ఏ కిటికీలోంచి ఎండ రావట్లేదో చూసుకుంటే సరిపోతుంది. లేదా ఒక తెల్ల పంచె అడ్డం కట్టుకోవాలి. పాత మండువా లోగిలి ఉన్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి నడింట్లోనే స్టూడియో ఉంది. ఆకాశం పైనుంచి దిగుతుంది, నాలుగు సున్నపు గోడలూ దాన్ని పంచిపెడతాయి.

ఇలాంటి వెలుగు ఎందుకు బావుంటుంది? మెత్తగా ఉంటుందంటారు. ఆ మెత్తదనం రహస్యం పరిమాణంలో ఉంది. సూర్యుడు నిజానికి ఎంత పెద్దవాడైనా మన ముఖానికి కనిపించేది అర డిగ్రీ మేర మాత్రమే. అందుకే ఎండలో ముక్కు నీడ కత్తితో కోసినట్టుంటుంది. నాలుగడుగుల కిటికీకి నాలుగడుగుల దూరంలో కూచుంటే ముఖానికి ఆ కిటికీ యాభై డిగ్రీలకి పైగా కనిపిస్తుంది. ముక్కు ఒక మూలని కప్పేసినా ఇంకో మూలనుంచి వెలుగు చెంపని చేరుతూనే ఉంటుంది. నీడ ఉంటుంది, కానీ దానికి అంచు కనపడదు. దీపం పెద్దదైనా చిన్నదైనా అసలు లెక్క ఈ కోణమే. అరవై సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్ మీటరు దూరంలో ఉంటే ముప్పైమూడు డిగ్రీలు. గదిలో అడ్డమని మూడు మీటర్ల అవతల పెడితే పదకొండు. అదే సాఫ్ట్‌బాక్స్, అదే బిల్లు. కానీ మెత్తదనంలో మిగిలింది మూడో వంతే.

ఆకాశం సాయంత్రానికి ఆరిపోతుంది, వానాకాలం రోజుల తరబడి మూసుకుపోతుంది. వ్యాపారం నడవాలంటే దీపం కావాలి. పారిస్‌లో నాడార్ 1850ల చివరినుంచి బన్సెన్ బ్యాటరీలు వరసగా పేర్చి, ఆర్క్ దీపంతో ముఖాలు తీయడం మొదలుపెట్టాడు. 1861 నాటికి ఆ సరంజామా అంతా మోసుకుని పారిస్ నేలకింద ఎముకల సొరంగాల్లోకి దిగాడు. ఒక్కో ఫోటోకి పద్దెనిమిది నిమిషాల దాకా పట్టేది. అంతసేపు ఏ మనిషీ కదలకుండా ఉండలేడని బొమ్మలకి కూలీల బట్టలు తొడిగి నిలబెట్టాడు. ఆయన తొలి విద్యుత్ పోర్ట్రెయిట్లలో ముఖాలు కర్కశంగా వచ్చాయి. నీడలు నల్లగా, మధ్య ఛాయలు లేకుండా. ఆర్క్ అంటే రెండు బొగ్గు కడ్డీల మధ్య చిన్న నిప్పు చుక్క, గదిలోకి తెచ్చుకున్న చిన్న సూర్యుడు. అప్పుడాయన ఏం చేశాడు? దీపం పెంచలేదు. అద్దాలూ తెల్ల తెరలూ పెట్టి ఆ వెలుగుని తిప్పి, పరిచి, నీడల్లోకి పంపించాడు. 1877లో లండన్‌లో వాన్ డర్ వైడ్ డైనమోతో నడిచే విద్యుత్ స్టూడియో పెట్టినప్పుడు కూడా పెద్ద గిన్నెలాంటి పరావర్తకంలో ఆర్క్‌ని కూచోబెట్టాడు.

నా దృష్టిలో స్టూడియో దీపాల చరిత్ర అంతా ఈ ఒక్క ఆటే. ఇంజనీర్లు ప్రతి తరంలోనూ దీపాన్ని ఇంకా చిన్నదిగా, ఇంకా తీక్షణంగా చేస్తూ పోయారు. ఫోటోగ్రాఫర్లు ప్రతిసారీ దాన్ని తీసుకొచ్చి మళ్ళీ కిటికీ అంత చేసుకున్నారు.

మెగ్నీషియం కథ ఇక్కడ త్వరగా చెప్పేస్తాను. 1864 నుంచి మెగ్నీషియం తీగ అమ్మకానికి వచ్చింది. 1887లో జర్మనీలో మీటే, గేడికే ఇద్దరూ మెగ్నీషియం పొడికి పొటాషియం క్లోరేట్, ఆంటిమొనీ సల్ఫైడ్ కలిపి ఫ్లాష్ పౌడరు చేశారు. టపాసుల గురించి తెలిసినవాళ్ళకి ఆ జాబితా చూస్తేనే అర్థమైపోతుంది. న్యూయార్క్ మురికివాడల్లో రాత్రిళ్ళు ఫోటోలు తీసిన జేకబ్ రీస్ ఈ సరంజామాతో రెండుసార్లు ఇల్లు అంటించానని, ఒకసారి తననే అంటించుకున్నానని తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. పేలిన ప్రతిసారీ గదినిండా తెల్ల పొగ. చుట్టం చూపుగా కూడా ఇంట్లోకి రానివ్వాల్సిన దీపం కాదు. 1929-30లో గాజు బుడ్డిలో ఆక్సిజన్ నింపి పల్చటి అల్యూమినియం రేకు మండించే ఫ్లాష్ బల్బులు రావడంతో ఆ గొడవ వదిలింది. ఒక బల్బుకి ఒక ఫోటో, అంతే.

ఎరుపు కథకి సంబంధించిన దీపం ఇంకోటి ఉంది. దాన్ని ఇప్పుడెవరూ తలుచుకోరు. 1900ల మొదట్లో పీటర్ కూపర్ హ్యూవిట్ అనే అమెరికన్ పాదరసపు ఆవిరితో వెలిగే పొడుగాటి గొట్టాలు తయారుచేశాడు. బారులు బారులుగా వేలాడదీస్తే పెద్ద వెలుగు, నీడలు మెత్తగా, కరెంటు ఖర్చు తక్కువ. పోర్ట్రెయిట్ స్టూడియోలూ మూకీ సినిమా స్టూడియోలూ ఎగబడి కొన్నాయి. లోపం ఒకటే, ఆ వెలుగులో ఎరుపు లేదు. దాని కింద నిలబడ్డ మనుషులు నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగులో కనపడేవాళ్ళు, పెదాలు నల్లగా. అయినా ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే ఫిల్ముకి కూడా ఎరుపు తెలీదు. గుడ్డి ఫిల్ముకి గుడ్డి దీపం, చక్కటి జోడీ. నటుల ముఖాలకి దట్టంగా రంగు పూసి సరిపెట్టుకునేవాళ్ళు. 1920ల చివర్లో పాన్‌క్రోమాటిక్ ఫిల్ము హాలీవుడ్‌లోకి దిగాక ఈ జోడీ విడిపోయింది. ఎరుపు చూడగల ఫిల్ముకి ఎరుపు ఇచ్చే దీపం కావాలి. అలాంటిది మామూలు తీగ బల్బే. ఫిల్మూ బల్బూ ముఖాల రంగూ కలిపి ఎలా కుదురుతాయో చూడ్డానికి 1928లో అక్కడ కొన్ని నెలలపాటు పరీక్షలు కూడా నడిపారు.

మన ఊళ్ళ స్టూడియోల్లోకి వచ్చింది ఆ తీగ బల్బే. అల్యూమినియం డిప్పల్లో ఐదొందల వాట్ల బల్బులు, తరవాత్తరవాత తెల్ల గొడుగులూ ఫ్లాషులూ. తొంభైల్లో బడి హాల్‌టికెట్టు కోసం ఫోటో దిగినవాళ్ళకి ఆ గది గుర్తుంటుంది. గోడకి అద్దం, దారం కట్టిన దువ్వెన, పౌడరు డబ్బా. స్టూలు మీద కూచోబెట్టి గడ్డం పట్టుకుని తల తిప్పేవాడు. పౌడరు ముఖం మీది జిడ్డు మెరుపుని తగ్గిస్తుంది, నిజమే. కానీ అది అక్కడ ఉన్నది మెరుపు కోసమే కాదని మనందరికీ తెలుసు. అప్పటికి ఫిల్ము అన్ని రంగుల్నీ చూడగలదు, బల్బులో ఎరుపుకి లోటు లేదు. భయం మాత్రం పోలేదు.

రంగుల ఫిల్ము వచ్చాక ఆ భయానికి కొత్త కారణం కూడా దొరికింది. ప్రింట్ల రంగులు సరిచూసుకోడానికి కొడాక్ కంపెనీ ల్యాబులకి పంపిన షర్లీ కార్డుల మీద దశాబ్దాలపాటు ఉన్నది తెల్లజాతి స్త్రీ ముఖం. ఆ ముఖం బాగా వస్తే మిషను సరిగ్గా ఉన్నట్టు లెక్క.

స్టూడియో గొడుగుల గురించి ఒక మాట. కుర్చీకి అటూ ఇటూ సమాన దూరంలో, సమానంగా వెలిగే రెండు గొడుగులు. ఏ ముఖం వచ్చి కూచున్నా, ఎటు తిరిగినా, నీడ లేకుండా పడుతుంది. లైటు జరపక్కర్లేదు, తరవాతి మనిషిని పిలవొచ్చు. రోజుకి యాభైమందికి పాస్‌పోర్టు ఫోటోలు తీసేవాడికి అంతకన్నా మంచి అమరిక లేదు. కానీ ముఖం అంటే ఎత్తుపల్లాలు. రెండువైపులా సమానంగా వెలిగిస్తే ముక్కు చెంపలోకి కలిసిపోతుంది, ముఖం కాగితమౌతుంది. ఇవాళ ఆన్‌లైన్లో కొత్తవాళ్ళకని అమ్మే రెండు లైట్ల సెట్టు, మూడు లైట్ల సెట్టు తిన్నగా ఈ పాస్‌పోర్టు గదికి వారసులు. పెట్టె విప్పగానే అందరూ చేసే పని రెండిటినీ చెరోవైపు నిలబెట్టడం. ఆ డబ్బులతో ఒక్క మంచి లైటు, దానికి వీలైనంత పెద్ద సాఫ్ట్‌బాక్సో గొడుగో, పడిపోని స్టాండూ కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం. రెండోవైపుకి తెల్ల థర్మోకోల్ షీటు చాలు.

ఈ థర్మోకోల్ ముచ్చటకి కూడా వంశవృక్షం ఉంది. 1956లో సత్యజిత్ రాయ్ అపరాజితో తీసేటప్పుడు కాశీలోని ఇంటిని, నడుమ ఆకాశం కనిపించే లోగిలితో సహా, కలకత్తాలో సెట్టు వేశారు. ఆకాశం పైనుంచి దిగే ఆ నీడలేని వెలుగుని స్టూడియో దీపాల్తో ఎలా తేవాలి? కెమెరామన్ సుబ్రత మిత్ర సెట్టు నెత్తిన తెల్లగుడ్డ బిగించి కట్టి, దీపాల్ని మనుషుల మీదకి కాకుండా ఆ గుడ్డ మీదకి తిప్పాడు. బౌన్స్ లైటింగ్ అని ఇప్పుడు ప్రతి పెళ్ళి ఫోటోగ్రాఫరూ అనే మాటకి మనదేశపు పుట్టుక అది. సామాన్ల జాబితాలో పెద్ద ఖరీదైంది ఏమీ లేదు, గుడ్డ తప్ప.

పాప నవ్వింది, అంతలో తల తిప్పేసింది. ఇలాంటిచోట దీపం ఎంతసేపు వెలగాలన్న ప్రశ్న వస్తుంది. 1930లలో ఎమ్.ఐ.టి.లో హెరాల్డ్ ఎడ్జర్టన్ కెపాసిటర్‌లో కరెంటు నింపి, వాయువు నింపిన గొట్టంలోకి ఒక్కసారిగా వదిలే ఫ్లాషుకి ఒక దారి చూపించాడు. మన స్టూడియో ఫ్లాషులన్నీ ఆ సంతానమే. లెక్క చూడండి. రెండొందల జౌళ్ళ ఫ్లాషు తన శక్తినంతా సెకనులో వెయ్యోవంతు చుట్టుపక్కల కాలంలో కుమ్మరిస్తుంది. అరవై వాట్ల ఎల్‌ఇడి, 1/125 సెకను షట్టరు తెరిచి ఉన్నంతసేపట్లో ఇచ్చేది అర జౌలు కన్నా తక్కువ. నాలుగొందల రెట్ల తేడా. కరెంటుని వెలుగుగా మార్చడంలో ఎల్‌ఇడి రెండు మూడు రెట్లు నేర్పరి అనుకున్నా, ఇంకా వందరెట్లకి పైనే. కాబట్టి కెమెరా ఉండి, కుదురుగా ఉండని పిల్లలున్నవాళ్ళకి ఫ్లాషే న్యాయం. కెమెరా నెత్తిన పెట్టుకునే చిన్న ఫ్లాషైనా సరే, దాన్ని కిందకి దించి, రేడియో ట్రిగ్గరుతో గొడుగులోకి పేల్చొచ్చు. 2006లో డేవిడ్ హాబీ అనే బాల్టిమోర్ పత్రికా ఫోటోగ్రాఫర్ స్ట్రోబిస్ట్ పేరుతో నేర్పించడం మొదలుపెట్టింది ఇదే. ఇంటి గదిని స్టూడియో చెయ్యడంలో ఏ కంపెనీ కన్నా ఆయన వాటా ఎక్కువని నేను నమ్ముతాను.

కానీ ఫోన్‌తో తీసేవాళ్ళకి మామూలుగా ఆ దారి లేదు. ఫోన్ సెన్సారు వరసలు వరసలుగా చదువుకుంటూ పోతుంది, బయటి ఫ్లాషు మెరుపుకి తాళం వెయ్యడం దానికి సాధారణంగా కుదరదు. వాళ్ళకి ఆగకుండా వెలిగే లైటే గతి. దాంట్లో సుఖం కూడా ఉంది. నీడ ఎక్కడ పడుతోందో తియ్యకముందే కనిపిస్తుంది, కూచున్న పెద్దాయన ప్రతి మెరుపుకీ ఉలిక్కిపడడు. నేర్చుకునేవాళ్ళకి కూడా ఇదే మంచిదని నాకనిపిస్తుంది. వెలుగుని చూడ్డం ముందు నేర్చుకోవాలి, కొలవడం తరవాత.

ఇక్కడే ఎరుపు మళ్ళీ ఎదురొస్తుంది. 1993లో జపాన్‌లో షూజీ నకమురా కాంతివంతమైన నీలం ఎల్‌ఇడి చేశాడు. ఆయనకీ అకసాకి, అమానోలకీ కలిపి 2014లో నోబెల్ వచ్చింది. తెల్ల ఎల్‌ఇడి అని మనం కొనేది లోపల నీలమే. దాని మీద పూసిన పసుపు ఫాస్ఫరు కొంత నీలాన్ని పసుపుగా మారుస్తుంది, రెండూ కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి. చవకరకంలో నీలం పుష్కలం, పసుపు పుష్కలం, ముదురు ఎరుపు దగ్గరికొచ్చేసరికి చెయ్యి బిగబట్టేస్తారు. బియర్డ్ నీలి అద్దాల నుంచి నూట యాభై ఏళ్ళు ప్రయాణం చేసి మళ్ళీ అక్కడికే వచ్చాం. అప్పుడు ప్లేటుకి ఎరుపు కనపడేది కాదు, ఇప్పుడు సెన్సారు ఎదురుచూస్తూంటుంది, దీపం పంపించదు. చామనచాయ ముఖం బూడిదరంగులో, జ్వరంపడి లేచినట్టు వస్తుంది. తెలియనివాళ్ళు ఫోన్‌లో బ్యూటీ ఫిల్టరు పెంచుతారు. పౌడరు డబ్బా ఎక్కడికీ పోలేదు.

దీనికి పెట్టె మీద ఒక అంకె ఉంటుంది. సీఆర్ఐ 95 అనో, 96 అనో. ఆ అంకె ఎనిమిది లేత రంగుల మీద తీసిన సగటు. ముదురు ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు, ఆర్9 పేరుతో విడిగా ఉంటుంది. సగటు బ్రహ్మాండంగా ఉండి ఆర్9 అధ్వాన్నంగా ఉండొచ్చు. సగటులో ఏం దాక్కుంటుందో డేటాతో పనిచేసేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. వివరాల్లో ఆర్9 కూడా ఇచ్చి, అది తొంభైకి దగ్గర్లో ఉన్న లైటుకి, వాట్లు కొంచెం తక్కువైనా, నేను ఓటేస్తాను. ఫోటో తీసేటప్పుడు ఇంట్లో ట్యూబ్‌లైట్లు ఆర్పెయ్యాలని కూడా చెప్పాలి. వాటి రంగు వేరు, దీని రంగు వేరు, ముఖం రెండుగా చీలుతుంది. పైగా ఇంటి దీపాలు చాలావరకు సెకనుకి వందసార్లు మినుక్కుమంటాయి. కంటికి తెలీదు గానీ ఫోన్ బొమ్మలో చారలు పడతాయి.

ఇదంతా ఎందుకింత పట్టింపు అనొచ్చు. మన ఇళ్ళల్లో గోడలకి దండలేసిన పెద్దవాళ్ళ ఫోటోలు ఒకసారి గమనించండి. చాలావాటిని ఏదో పెళ్ళి గ్రూపు ఫోటోలోంచి తల ఒక్కటీ కత్తిరించి, వెనక నీలం రంగు పూయించి పెద్దది చేయించారు. ఈమధ్య ఆధార్ కార్డు ఫోటోలు కూడా ఆ పనికొస్తున్నాయి. వాళ్ళు బతికుండగా ఆ ముఖాన్ని మంచి వెలుగులో తీరిగ్గా కూచోబెట్టి ఎవరూ తియ్యలేదు. తియ్యబోతే నల్లగా పడతాను, నాకొద్దురా అని వాళ్ళే పక్కకి తప్పుకున్నారు.

స్థలం చాలదనేవాళ్ళకి అర్వింగ్ పెన్ సంగతి చెప్తాను. 1948 డిసెంబరులో వోగ్ పత్రిక పని మీద పెరూ వెళ్ళిన పెన్, కుస్కో ఊళ్ళో ఒక స్థానిక ఫోటోగ్రాఫర్ పగటివెలుగు స్టూడియోని కొద్దిరోజులకి అద్దెకి తీసుకున్నాడు. పండక్కి ఫోటో తీయించుకుందామని కొండల్నుంచి వచ్చిన జనం తలుపు తీస్తే, లోపల పాత ఫోటోగ్రాఫరు బదులు ఈయన. ఒక గచ్చు నేల, ఒక గుడ్డ పరదా, ఒకవైపునుంచి వెలుగు. ఆ బొమ్మలు ఆయన జీవితంలో చేసిన గొప్ప పనుల్లో లెక్క.

మన డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటులో హాలు అంతకన్నా చిన్నదేం కాదు. లైటుని ముఖానికి మీటరు దూరంలోకి, ఫ్రేములో పడీపడనంత దగ్గరికి తీసుకురండి, కంటికన్నా కాస్త ఎత్తులో, ఒక పక్కగా. వెనక గోడ లైటుకి మూడు మీటర్ల దూరంలో ఉంటే దాని మీద పడేది తొమ్మిదో వంతు వెలుగే. ఆ క్యాలెండరూ, ఆ స్విచ్‌బోర్డూ చీకట్లోకి వాటంతటవే జారుకుంటాయి. ముదురు చాయ ముఖానికి వెలుగు పెంచడం కన్నా పెద్దది చెయ్యడం మేలు. పెద్ద వెలుగు చెంప ఎముక మీద, నుదుటి మీద పొడుగ్గా మెత్తటి మెరుపుగా పరుచుకుంటుంది, ఆ మెరుపే ముఖానికి ఆకారం ఇస్తుంది. పౌడరు చంపేది దాన్నే.

ఇక పెట్టె మీద ఆర్9 రాసి లేకపోతే, వాపసు గడువు అయిపోకముందే ఇంట్లో పరీక్ష పెట్టుకోవచ్చు. పగలు ఎండ పడని కిటికీ దగ్గర అరచేతిలో కాస్త కుంకుమ వేసుకుని ఒక ఫోటో తియ్యండి. రాత్రి అన్ని దీపాలూ ఆర్పి, కొత్త లైటు కింద అదే చెయ్యి, అదే కుంకుమ. ఒక తెల్ల కాగితం కూడా రెండుసార్లూ ఫ్రేములో పెట్టి, రెండు ఫోటోల్లోనూ ఆ కాగితం ఒకేలా తెల్లగా ఉండేట్టు వైట్ బ్యాలెన్స్ సరిచెయ్యండి. అప్పుడు కుంకుమ చూడండి. రాత్రి ఫోటోలో అది ఇటుక రంగుకి తిరిగి, అరచెయ్యి పాలిపోయి ఉంటే, ఆ లైటు వాపసు పంపెయ్యండి.